వియ్యంకుల మధ్య అమెరికా ఎన్నికలు

విలేకరి ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు కొందరు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తారు. జనగామ బస్టాండు నుంచి మా ఇల్లు నాలుగడుగులు కాబట్టి, బస్సు తప్పిపోయినప్పుడు ఎక్కువగా వస్తారు. చాయ్ తాగుతూ అందరూ ఒకటే అడుగుతారు: "మేడం, మీరు రాసినవాటిలో పెద్ద వార్త ఏది?"

పెద్ద వార్తలు రాశాను. మంత్రులు వచ్చినప్పుడు రాశాను, పదవి పోయినప్పుడూ రాశాను. వాటిలో ఒక్క వాక్యం కూడా ఇప్పుడు నాకు గుర్తు లేదు. గుర్తున్నవి వేరే. అవి చెప్పబోయేసరికి వాళ్ల బస్సు వస్తుంది. అందుకే రాసి పెడుతున్నాను. ప్రమోషన్లు, బదిలీల సంగతి ఇందులో ఉండదు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి, మళ్లీ జనగామ. నా సర్వీసంతా ఈ మూడు ఊళ్ల మధ్య బస్సుల్లోనే గడిచింది. ఊళ్లలో నన్ను పేపరక్క అనేవారు. నా పేరు విజయ అని తెలిసినవాళ్లు తక్కువ.

అభిప్రాయం అడగడం

జిల్లా విలేకరి పనిలో సగం ఇదే. ఏదో ఒకటి జరుగుతుంది, ఆఫీసు నుంచి ఫోన్ వస్తుంది, మనం పోయి నలుగురిని "మీరేమంటారు" అని అడిగి, ఫొటోలు తీసి పంపాలి. తేలిక పని అనుకుంటారు. అంతకన్నా కష్టమైన పని నేను చెయ్యలేదు.

మహబూబాబాదులో ఉన్నప్పుడు ఏటా బడ్జెట్ రోజున నాకు ఒక రిటైర్డ్ హెడ్‌మాస్టర్ దిక్కు. ఇస్త్రీ చొక్కా వేసుకొని అరుగు మీద సిద్ధంగా ఉండేవారు. నన్ను చూడగానే, "ఈసారి మంచిగున్నదనాల్నా, మంచిగ లేదనాల్నా?" అని అడిగేవారు. ఏది కావాలంటే అది, పేపర్లో పట్టేంత పొడుగులో, తడుముకోకుండా చెప్పేవారు. ఒక ఏడాది నాకు విసుగొచ్చి, "మీకేమనిపిస్తే అదే చెప్పండి సార్" అన్నాను. ఆయన ముఖం చిన్నబోయింది. "గట్లయితే బడ్జెట్ సదవాలె గదమ్మా" అన్నారు.

ఆయన్ను నేను తప్పుపట్టను. మైకు ముందు పెడితే మనిషి తన మాట చెప్పడు, ఇలాంటప్పుడు చెప్పాల్సిన మాట చెబుతాడు. మనం పెన్ను మూత పెట్టేసి, "ఇగ పోతన్న" అని లేచాక చెప్పేదే అసలు మాట. కొత్తవాళ్లు త్వరగా లేస్తారు, త్వరగా వెళ్లిపోతారు. లేవండి, కానీ వెంటనే వెళ్లకండి. నా సర్వీసు మొత్తం మీద నేను నేర్చుకున్నది ఇంతే.

శేషగిరిరావు గారి శీర్షిక

మా డెస్క్ ఇన్‌చార్జి శేషగిరిరావు గారిది కృష్ణా జిల్లా. మంచి మనిషి. ఏ నాయకుడైనా ఫోన్ చేసి బెదిరిస్తే, "మీరు వివరణ ఇవ్వండి, అది కూడా వేస్తాం" అని పెట్టేసేవారు. విలేకరి పేరు చెప్పేవారు కాదు. ఆ ఒక్క గుణం కోసం ఆయన్ను ఎన్నిసార్లయినా క్షమించవచ్చు. క్షమించాల్సి కూడా వచ్చేది, ఎందుకంటే ఆయన శీర్షిక ముందు రాసుకొని వార్త తర్వాత తెప్పించుకునేవారు.

నేను భూపాలపల్లిలో ఉన్నప్పుడు, ఒక వానాకాలం, 'ఉగ్ర గోదారి' అని శీర్షిక పెట్టుకొని నన్ను కాళేశ్వరం పంపారు. నేను పోయి ఘాటు మెట్ల మీద కూర్చున్నాను. నది ఎప్పటిలాగే పారుతోంది. గంటకోసారి ఫోన్. "ఇంకా రాలేదా అమ్మా ఉగ్రం?" రాలేదన్నాను. సాయంత్రానికి ఆయన గొంతులో నిజమైన బాధ వినిపించింది. చివరికి 'ఉగ్రరూపం దాల్చని గోదారి' అని వేశారు.

నేను రిటైరవ్వబోయే ఏడాది ఆయన మళ్లీ ఫోన్ చేశారు. అమెరికాలో అధ్యక్ష ఎన్నికల ప్రచారం జోరుగా సాగుతున్న రోజులవి. ఒకవైపు, అంతకుముందు ఒకసారి గెలిచి, తర్వాత ఓడి, ఆ ఓటమిని ఒప్పుకోకుండా మళ్లీ నిలబడ్డ మాజీ అధ్యక్షుడు. మరోవైపు, తల్లి తరఫున మన దక్షిణాది మూలాలున్న ఉపాధ్యక్షురాలు. ఆ దేశం రెండుగా చీలి కొట్టుకుంటోందని టీవీల్లో పొద్దస్తమానం చెబుతున్నారు.

"విజయమ్మా, మన మూడు జిల్లాల జనం నాడి కావాలి. ఫుల్ పేజీ. శీర్షిక కూడా అయిపోయింది. 'మన ఆడబిడ్డకే మా ఓటు'."

"వాళ్లకు అక్కడ ఓటు లేదు కదా సార్."

"భావన అమ్మా, భావన. పోయి మాట్లాడండి. కొంచెం అటు, కొంచెం ఇటు ఉండాలి. కానీ శీర్షికకు దెబ్బ తగలకూడదు."

బొగ్గు గని, తండా

మొదట భూపాలపల్లి పోయాను. గని దగ్గరి క్యాంటీన్‌లో, షిఫ్టు దిగి ఉప్మా తింటున్న ఒక కార్మికుడి ముందు కూర్చున్నాను. అమెరికా ఎన్నికల గురించి అడిగాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

"ఆడ సుత బొగ్గు తవ్వుతరా అక్కా?"

"తవ్వుతరు."

"మరి ఈ ఇద్దర్ల బొగ్గు తవ్వాలె అనేటోళ్లు ఎవలు?"

ఆ మాజీ అధ్యక్షుడు తవ్వాలంటున్నాడని చెప్పాను. ఆయన చెయ్యి కడుక్కొచ్చి, "అయితే నేను ఆయన దిక్కే. కని పేరెయ్యకు. మా యూనియనోళ్లు ఏ దిక్కున్నరో నాకింక ఎరుకలేదు" అన్నాడు. ఎక్కడో సముద్రాల అవతలి ఎన్నికలకు కూడా యూనియన్ ఆఫీసులో మాట పడుతుందని ఆయన భయం. నవ్వొచ్చినా నవ్వలేదు. మనిషికి భయం ఎక్కడిది అక్కడే ఉంటుంది, దూరం దానికి లెక్కలోకి రాదు.

అక్కడి నుంచి మరిపెడ దిక్కు. రోడ్డు పక్కన ఒక తండాలో మంగ్లీబాయి మిరప చేనులో కలుపు తీయిస్తోంది. మొన్నటిదాకా ఆ తండాకు ఆమే సర్పంచి. ఒక ఆడమనిషి అమెరికాకు అధ్యక్షురాలు కావడానికి నిలబడిందని చెప్పాను. ఫోన్‌లో ఫొటో చూపించాను. ఆమె కొంగుతో చెయ్యి తుడుచుకొని ఫోన్ తీసుకొని చాలాసేపు చూసింది.

"మొగడున్నడా?"

"ఉన్నాడు."

"ఆమె ఎంట తిరిగి ప్రచారం చేస్తాండా?"

"చేస్తాండట."

మంగ్లీబాయి ఫోన్ తిరిగి ఇచ్చేసింది. "అయితే ఇగ అడిగేదేమున్నది. గెలిస్తే కుర్సీల ఆయననే కూసుంటడు. నేను ఐదేండ్లు సర్పంచిని. దస్కతు నాది, కుర్సీ మా ఆయనది. ఇప్పుడు పదవి అయిపోయినా సర్పంచిసాబ్ అని ఆయననే పిలుస్తరు. నన్ను ఎవలూ పిలువలే."

కూలికి వచ్చిన ఆడవాళ్లందరూ నవ్వారు. ఆమె మాత్రం నవ్వలేదు. "ఆమెకు చెప్పుండ్రి, మొదలు కుర్సీ పట్టుకొని కూసొమ్మను" అంది. ఆ పేజీకి అంతకన్నా మంచి మాట దొరకదని నాకు అప్పుడే తెలిసింది. దాన్ని ఎలా అచ్చువేశారో తర్వాత చెబుతాను.

రెండు బెంచీల హోటలు

మూడోది దేవరుప్పుల మండలంలోని ఒక ఊరు. పేరు రాయను, వాళ్లింకా నాకు ఫోన్లు చేస్తుంటారు. ఆ ఊళ్లో అమెరికా ఎన్నికల మీద గట్టిగా మాట్లాడేవాళ్లు ఇద్దరున్నారని జనగామలోనే విన్నాను. పోయి చాయ్ హోటల్లో ఖాళీగా ఉన్న బెంచీ మీద కూర్చున్నాను. హోటలాయన గ్లాసు చేతిలో పట్టుకొని అక్కడే ఆగిపోయాడు.

"అక్కా, నువ్వు బుచ్చిరెడ్డి పటేల్ దిక్కా?"

"నేను ఎవరి దిక్కూ కాదు. పేపరోళ్లం."

"అయితే జర నిలబడి తాగు. గది ఆయన బెంచీ. గిది నర్సిరెడ్డి పటేల్ బెంచీ. ఏ బెంచీ మీద కూసున్నోళ్లు గా పార్టీ."

"ఏ పార్టీ?"

"అమెరిక పార్టీ."

నర్సిరెడ్డి, బుచ్చిరెడ్డి ఒకే ఊరివాళ్లు, చిన్ననాటి స్నేహితులు, ఇప్పుడు వియ్యంకులు. బుచ్చిరెడ్డి బిడ్డ స్వప్నను నర్సిరెడ్డి కొడుక్కి ఇచ్చారు. ఇద్దరూ సాయంత్రం పూట ఒకే బెంచీ మీద కూర్చొని, ఒకే ఫోన్‌లో యూట్యూబ్ చూసేవారట. అమెరికా ప్రచారం మొదలయ్యాక రెండు ఫోన్లయ్యాయి, తర్వాత రెండు బెంచీలయ్యాయి. నేను పోయేనాటికి మాటలు బందయ్యాయి.

నర్సిరెడ్డి తన బెంచీ మీదే దొరికాడు. అరవై దాటిన మనిషి, తెల్ల మీసం, ఎవరినో పలకరించడానికి సిద్ధంగా ఉన్నట్టుండే ముఖం. గత పంచాయతీ ఎన్నికల్లో సర్పంచిగా నిలబడి కొద్ది ఓట్లతో ఓడిపోయాడు. ఎన్నికలు మళ్లీ ఇవాళో రేపో అంటున్నారు కాబట్టి ఈసారీ నిలబడే ఆలోచనలో ఉన్నాడు.

"ఆయనను ఓడగొట్టిన్రు చెల్లె. ఆయన ఓడలే. లెక్కల గోల్‌మాల్ చేసిన్రు. అయినా ఇంట్ల పండుకున్నడా? మళ్ల నిలబడ్డడు. మొగోడంటే గట్లుండాలె."

ఆయన అమెరికా గురించే మాట్లాడుతున్నాడు. కానీ చేతివేలు మాత్రం ఊరి బడి దిక్కు చూపిస్తోంది. సర్పంచి ఎన్నికల ఓట్లు లెక్కపెట్టింది ఆ బడిలోనే.

తొట్టెల పండుగ

బుచ్చిరెడ్డి ఇంటికి పోతే ఆయన బాయికాడ ఉన్నాడన్నారు. ఆయన భార్య అండాలు నన్ను వాకిట్లోనే పట్టుకుంది. లోపల స్వప్న బాలింత. పురిటిబిడ్డ ఏడుస్తోంది. వచ్చే ఆదివారం తొట్టెల పండుగ, అంటే పిల్లను ఉయ్యాలలో వేసి పేరు పెట్టే రోజు.

"అక్కా, నువ్వు పేపరక్కవు, నీ మాటింటరు. మా యియ్యంకుడు తొట్టెలకు రానంటాండు. ఈయనేమో రాకుంటే రాకపోనియ్యి అంటాండు. తాత లేకుంట పిల్లను తొట్టెల్ల ఎట్లెయ్యాలె?"

"ఎందుకు రానంటున్నాడు?"

"ఇంకెందుకు, అమెరిక. ఈయన ఆమె ఫొటో ఫోన్ల స్టేటస్ పెట్టుకున్నడు. అది తీసేస్తెనే వస్తడట ఆయన. ఈయన ఇంకో ముచ్చట మొదలువెట్టిండు. పిల్లకు ఆమె పేరే పెడుతడట."

ఆ పేరు మన దగ్గర వాడకొకరికి ఉండే పేరే. నేను ఆ మాటే అన్నాను.

"గదే అక్కా. మా యియ్యంకుని తల్లి పేరు సుత గదే. ఇన్నేండ్ల సంది మా తల్లి పేరు పెట్టాలె, మా తల్లి పేరు పెట్టాలె అని మొత్తుకున్నోడు. ఇప్పుడు తల్లి పేరు వద్దంటాండు."

పక్క గదిలో నుంచి స్వప్న గొంతు వినిపించింది. "ఇద్దరికిద్దర్ని అమెరికకు పంపిస్తే పీడవోతది."

బాయికాడ బుచ్చిరెడ్డి మోటారు స్టార్టర్ డబ్బా విప్పుకొని కూర్చున్నాడు. సన్నటి మనిషి, తక్కువ మాట్లాడతాడు. అడిగినదానికి బడిపిల్లవాడిలా నిలబడి చెప్పాడు: "ఆమె మన దిక్కు బిడ్డ. అందుకే ఆమె గెలవాలె. ఇంకొకటి, ఓడినోడు ఓడిన అని ఒప్పుకోవాలె. గది పెద్దమనిషి తీరు." రాసుకున్నాను, ఫొటో తీశాను, పెన్ను మూత పెట్టి లేచాను. పత్తి చేను గట్టు మీద నాతోపాటు రోడ్డుదాకా నడుస్తూ వచ్చాడు.

"చెల్లె, నీకొక ముచ్చట చెప్పాల్నా. ఇది రాయకు. మా నర్సిరెడ్డి బావ సర్పంచికి నిలబడ్డప్పుడు, లెక్కలకాడ ఆయన దిక్కు నుంచి కూసున్నది నేను."

సర్పంచి ఎన్నికల్లో ఓట్లు కాగితాల మీద ఉంటాయి. ఒక్కొక్క కాగితం విప్పి లెక్కపెడుతుంటే, అభ్యర్థి తరఫున ఒక ఏజెంటు బల్ల దగ్గరే కూర్చొని చూస్తాడు. ముద్ర సరిగ్గా పడనివి చెల్లని ఓట్లని పక్కన పెడతారు. ఏజెంటుకు చూపించాకే ఆ కట్ట కడతారు.

"ఉంగరం గుర్తుకు, కత్తెర గుర్తుకు నడుమ గీత మీద ముద్ర గుద్దిన్రు మనోళ్లు. నేనేం జేయాలె? ఒక్కొక్కటి చూసిన. రెండుసార్లు చూపియ్యమన్న. చెల్లవంటే చెల్లవు. ఆ దినం సంది మా బావ ఊరందరికి చెప్తాండు, లెక్కల మోసం జరిగిందని. ఆఫీసర్లనంటాన్న అనుకుంటాండు ఆయన. కని లెక్కలకాడ కూసున్నది నేను గద. మోసం జరిగిందంటే, నేను కండ్లు లేనోణ్నన్న కావాలె, లేకుంటే అమ్ముడుపోయినోణ్నన్న కావాలె. ఐదేండ్లు ఇన్న. బిడ్డనిచ్చిన. ఒక్క మాటనలే. ఇగ అమెరికోడు సుత గదే మాట అంటాంటే, మా బావ ఫోన్ నా చెవికాడ పెట్టి ఇను, ఇను అంటాంటే, నాతోని కాలే."

ఆయన రోడ్డు మీదికి రాలేదు. గట్టు చివర ఆగి, "చాయ్ తాగకుంటనే పోతానవు" అని, మళ్లీ స్టార్టర్ దగ్గరికి వెళ్లిపోయాడు.

అచ్చయిన పేజీ

శుక్రవారం పేజీ వచ్చింది. 'మన ఆడబిడ్డకే మా ఓటు' అని నాలుగు అంగుళాల అక్షరాలు. కింద మంగ్లీబాయి ఫొటో, పక్కన 'మహిళల చేతికే పగ్గాలు: మాజీ సర్పంచి హర్షం'. కుర్సీ సంగతి ఒక్క అక్షరం లేదు. గని కార్మికుడి మాట స్థలాభావం వల్ల తీసేశారు. ఇదంతా నేను ఊహించిందే. దేవరుప్పుల భాగం మాత్రం రెండుసార్లు చదవాల్సి వచ్చింది.

ఫొటోలు తారుమారయ్యాయి. నర్సిరెడ్డి మీసాల కింద, 'ఓటమిని హుందాగా అంగీకరించడమే నాయకుడి లక్షణం' అని ఉంది. బుచ్చిరెడ్డి ఫొటో కింద, 'లెక్కింపులో అక్రమాలు జరిగాయి' అని ఉంది.

శేషగిరిరావు గారికి ఫోన్ చేశాను. ఆయన పేజీ తెప్పించుకొని చూశారు. "ఇద్దరూ రెడ్లే కదమ్మా. ఇద్దరికీ మీసాలున్నాయి" అన్నారు. ఆ తర్వాత ఆయనే నొచ్చుకున్నారు. సవరణ వేద్దామన్నారు. ముందు వాళ్లతో మాట్లాడి వస్తానన్నాను. కొత్తవాళ్లకు ఒక మాట: పేపర్లో తప్పు పడినప్పుడు, అది ఎవరి తప్పయినా సరే, ఫోన్ చేయకండి. వెళ్లండి. ఎదురుగా నిలబడితే మనిషి తిట్టేది సగానికి తగ్గుతుంది.

నర్సిరెడ్డి ఇంటి ముందు కుర్చీ వేసుకొని, ఒళ్లో పేపర్ పెట్టుకొని కూర్చున్నాడు. ఆయన భార్య సులోచన నాకు కళ్లతోనే జాగ్రత్త చెప్పింది. తిట్లకు సిద్ధపడే పోయాను. కానీ ఆయనలో కోపం కంటే అయోమయం ఎక్కువగా ఉంది.

"నేను అనని మాట నా మూతి కింద పెట్టిన్రు చెల్లె."

"తప్పయింది నర్సన్నా. సవరణ వేస్తాం."

"ఏస్తరు, ఏస్తరు." ఆయన పేపర్ మడిచాడు, మళ్లీ విప్పాడు. "పొద్దుగాల హోటల్‌కాడికి పోయిన. మన ఊరి బడి సారు లేడూ, రిటైర్ సారు, ఆయన లేచి నిలబడి నా చెయ్యి పట్టుకున్నడు. పెద్దమనిషి తీరు మాట్లాడినవ్ నర్సిరెడ్డి అన్నడు. ఐదేండ్లల్ల ఆయన నాతోని మాట్లాడుడు గిదే మొదలు. ఇంకో ఇద్దరు ముగ్గురు సుత అన్నరు. ఈసారి నిలబడితే నీకే ఏస్తం అన్నడొకడు. నేను ఆ మాట అనలే అని చెప్పబుద్ధి కాలే."

సులోచన లోపలి నుంచి, "అననిదానికే గింత మర్యాదయితే, అంటే ఇంకెంతయితదో" అంది.

బుచ్చిరెడ్డి నాకు చెప్పిన మాటను నేను మోసుకుపోయి ఈయనకు చెప్పలేదు. రాయకు అన్నది చెప్పకు అని కూడా. మనకు చెప్పిన మాట మన దగ్గరే ఉండాలి, ఎంత మంచి పని కోసమైనా సరే. కానీ ప్రశ్న అడిగే హక్కు మనకు ఎప్పుడూ ఉంటుంది. ఒక్కటే అడిగాను.

"నర్సన్నా, ఆ దినం బడిల ఓట్లు లెక్కవెట్టినప్పుడు మీ దిక్కు నుంచి ఎవరు కూసున్నరు?"

"మా బుచ్చి బావ" అని టక్కున అన్నాడు. ఆ తర్వాత ఇంకేదో చెప్పబోయి నోరు తెరిచాడు. మూశాడు. గేటు దిక్కు చూశాడు. ఒళ్లోని పేపర్లో బుచ్చిరెడ్డి ఫొటో మీదికి వంగాడు. సులోచన చాయ్ తెచ్చి నాకిచ్చి, ఆయనకు ఇవ్వబోతే తీసుకోలేదు.

"వాడు నాకెన్నడు చెప్పలే" అన్నాడు చివరికి. ఏమి చెప్పలేదో అనలేదు. నేనూ అడగలేదు. లేచి వచ్చేశాను. ఆ రోజు మాత్రం గుమ్మంలో ఆగకుండానే వచ్చేశాను.

ఆదివారం

తొట్టెల పండుగకు అండాలు నన్ను పిలిచింది. పదకొండు దాటినా నర్సిరెడ్డి రాలేదు. సులోచన, కొడుకు వచ్చారు. చుట్టాలు గుసగుసలు మొదలుపెట్టారు. పేరు పెట్టించడానికి వచ్చిన అయ్యగారు వాచీ చూసుకున్నాడు. బుచ్చిరెడ్డి టెంటు గుంజల దగ్గర ఏదో సరిచేస్తున్నట్టు తిరుగుతున్నాడు, చూపు మాత్రం రోడ్డు మీదే. ఫోన్‌లో స్టేటస్ తీసేశావా అని అండాలు అడిగితే, "పొద్దుగాలనే తీసిన, ఎవలు చూస్తరు" అన్నాడు.

నర్సిరెడ్డి స్కూటర్ వచ్చి ఆగింది. కొత్త ధోతి, భుజం మీద కండువా. ఎవరినీ పలకరించలేదు. నేరుగా బుచ్చిరెడ్డి దగ్గరికి పోయాడు.

"బావా."

"ఊ."

"ఆ దినం చెల్లని ఓట్ల కట్ట నువ్వు చూసినవా?"

"చూసిన."

"ఒక్కొక్కటి?"

"ఒక్కొక్కటి. రెండుసార్లు."

నర్సిరెడ్డి కండువా తీసి ముఖం తుడుచుకున్నాడు. "అయితే నేను ఓడిపోయిన్నే" అన్నాడు. మామూలుగా, ఈసారి వాన తక్కువ పడ్డది అన్నట్టుగా. కానీ ఆ మాట ఆయన నోటి వెంట రావడానికి ఐదేళ్లు పట్టిందని అక్కడున్న అందరికీ తెలుసు. సులోచన ముఖం పక్కకు తిప్పుకుంది.

బుచ్చిరెడ్డి ఒక కుర్చీ ముందుకు జరిపాడు. వియ్యంకుడికి ఇంకా ఏదైనా మంచి మాట చెప్పాలనుకొని కాబోలు, "మరి అమెరికల సుత గట్లనే…" అని మొదలుపెట్టాడు.

"ఆడ వేరే ముచ్చట" అన్నాడు నర్సిరెడ్డి. "ఆడ లెక్కలకాడ నువ్వు లేవు."

టెంటంతా నవ్వింది. అయ్యగారు కూడా నవ్వాడు. పిల్లను తొట్టెల్లో వేశారు. పేరు పిలవండి అనేసరికి తాతలిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. "మీ అమ్మ పేరే పెడుదాం బావా" అని బుచ్చిరెడ్డి, "వద్దు, నీ ఇష్టం" అని నర్సిరెడ్డి. స్వప్న ఇద్దరినీ చూసి, "పేరు దవాఖానలనే రాయించిన. శాన్వి" అంది. ఆ పేరు ఇద్దరికీ నోరు తిరగలేదు. ఆ విషయంలో మాత్రం వియ్యంకులిద్దరూ ఒకే పార్టీ అయ్యారు.

అన్నం తినేటప్పుడు నర్సిరెడ్డి నా పక్కన కూర్చున్నాడు. సవరణ ఎప్పుడు వేయాలని అడిగాను. పప్పు కలుపుకుంటూ ఆలోచించాడు.

"ఇగ ఎందుకు చెల్లె. నా ఫొటో కింద ఉన్నది నేను అన్నట్టే అయింది. బుచ్చిది ఒక్కటి సక్కచెయ్యున్రి."

శేషగిరిరావు గారు అలాగే వేశారు, రెండు లైన్లు. జీవితంలో మొదటిసారి శీర్షిక లేకుండా.

ఫలితాల రోజు

అమెరికా ఫలితాలు మనకు పగటిపూట వచ్చాయి. ఆ మాజీ అధ్యక్షుడే గెలిచాడు. ఆ ఊరి జనం స్పందన కావాలని ఆఫీసు అడగలేదు. నేనే పోయాను.

హోటల్లో నర్సిరెడ్డి తన బెంచీ మీద ఉన్నాడు. చుట్టూ నలుగురు చేరి మిర్చి బజ్జీలు ఇప్పియ్యి అంటున్నారు. బుచ్చిరెడ్డి సైకిల్ దిగి వచ్చాడు. తన బెంచీ దిక్కు చూడలేదు. వచ్చి నర్సిరెడ్డి పక్కనే కూర్చున్నాడు.

"ఓడిపోయినం బావా" అన్నాడు.

ఎవరైనా ఎగతాళి చేస్తారేమోనని నేను చూశాను. హోటలాయన కూడా చేతిలో జల్లి గంటె ఆపేసి చూస్తున్నాడు. నర్సిరెడ్డి రెండు చాయ్‌లు చెప్పాడు. గ్లాసు వియ్యంకుడి చేతికిచ్చి అప్పుడన్నాడు:

"సర్పంచి ఓట్లు వస్తాయంటాన్రు. ఈసారి సుత లెక్కలకాడ నువ్వే కూసోవాలె."

బుచ్చిరెడ్డి చాయ్ ఊదుకుంటూ ఆలోచించాడు.

"కూసుంట. కని ఓడితే ఓడినవనే చెప్త."

"చెప్పు" అన్నాడు నర్సిరెడ్డి, కొంచెం జరిగి ఆయనకు చోటిస్తూ.